ఫోల్డర్ ఎంత చోటు తింటోంది?

డిస్క్ నిండిపోయిందన్న హెచ్చరిక కనపడగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే. అనుమానం ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్ తెరిచి, అక్కడున్న అంకె చూస్తారు. విండోస్‌లో అక్కడ అంకెలు రెండుంటాయి. పైన ‘సైజ్’, దాని కింద ‘సైజ్ ఆన్ డిస్క్’. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పొంతన లేకుండా ఉంటే కంప్యూటర్‌లో ఏదో పాడైందని కంగారు పడతారు. నిజానికి పాడైనది ఏమీ ఉండదు. ‘ఈ ఫోల్డర్ ఎంత ఉంది?’ అని మనం అడిగే ప్రశ్నలోనే వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఫోల్డర్‌లోని ఫైళ్లను ఇంకొకరికి పంపితే ఎన్ని బైట్లు ప్రయాణం చేయాలి? ఈ డిస్క్ మీద దీని పేరిట ఎన్ని బ్లాకులు కేటాయించి ఉన్నాయి? దీన్ని తీసేస్తే ఖాళీ ఎంత పెరుగుతుంది? ఇంకో డిస్క్ మీదికి కాపీ చేస్తే అక్కడ ఎంత చోటు కావాలి? ఈ నాలుగింటికీ జవాబు దాదాపు ఒకటే అయ్యే రోజులు ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు వాడుకలో ఉన్న ఫైల్ సిస్టమ్‌లలో ఆ నాలుగు అంకెలూ నాలుగు దారుల్లో వెళ్తున్నాయి. మన చేతిలోని పరికరాలు ఎక్కువగా రెండో ప్రశ్నకు జవాబు చెబుతాయి. మనమేమో దాన్ని మూడోదానికి జవాబుగా తీసుకుంటాం. ఫోల్డర్ సైజు చుట్టూ ఉన్న గందరగోళంలో పెద్ద వాటా ఈ ఒక్క పొరపాటుదేనని ఈ వ్యాసం వాదన.

చిన్న ఉదాహరణతో మొదలుపెట్టవచ్చు. ‘తెలుగు’ అనే ఒక్క మాట మాత్రమే ఉన్న టెక్స్ట్ ఫైల్ తీసుకుందాం. యూనికోడ్‌లో ఆ మాటకు ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి 3 బైట్లు, కాబట్టి ఫైల్‌లో ఉన్న సరుకు 18 బైట్లు. దీన్ని మామూలు అమరికతో ఉన్న లినక్స్ ఈఎక్స్‌టీ4 డిస్క్ మీద పెడితే 4,096 బైట్ల బ్లాక్ ఒకటి దీనికే కేటాయింపు అవుతుంది. 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి ఇదే ఫైల్‌ను దానిమీద పెడితే, 32 జీబీ దాటిన డ్రైవ్‌కు అక్కడి మామూలు క్లస్టర్ (బ్లాక్‌కు విండోస్‌లో పేరు) 128 కేబీ కాబట్టి, 1,31,072 బైట్లు పోతాయి. విండోస్ సీ డ్రైవ్‌లో, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద, పెడితే ‘సైజ్ ఆన్ డిస్క్’ దగ్గర 0 కనిపిస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైల్‌కూ మాస్టర్ ఫైల్ టేబుల్‌లో సాధారణంగా 1 కేబీ రికార్డు ఒకటి ఉంటుంది. కొన్ని వందల బైట్లు దాటని సరుకు ఆ రికార్డులోనే సర్దుకుపోతుంది, దానికి వేరే క్లస్టర్ అక్కర్లేదు. ఒకే ఫైల్, ఒకే 18 బైట్లు. జవాబులు మాత్రం నాలుగు వేలు, లక్షా ముప్పై వేలు, సున్నా. మూడింటిలో ఏదీ తప్పు కాదు.

ఈ తేడా కొత్తదేమీ కాదు. 1990ల మధ్యలో ఫ్యాట్16 వాడిన రోజుల్లో, 1 జీబీ దాటి 2 జీబీ లోపు ఉన్న పార్టిషన్‌లో క్లస్టర్ 32 కేబీ ఉండేది. ప్రతి ఫైల్ చివర సగటున అందులో సగం వృథా. ఎన్‌టీఎఫ్‌ఎస్ 4 కేబీ క్లస్టర్లు మామూలయ్యాక ఆ బాధ తీరిందనుకున్నాం గానీ పెద్ద పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల రూపంలో అదే సమస్య మళ్లీ ఇంట్లోకి వచ్చింది. ఒక్కొక్కటి 1 కేబీ ఉన్న పదివేల చిన్న ఫైళ్ల ఫోల్డర్‌లో అసలు సరుకు 10 ఎంబీ లోపే. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ మీద అది 1.2 జీబీకి పైగా చోటు పట్టుకుంటుంది. వాటినే ఒక జిప్ ఫైల్‌గా కట్టి కాపీ చేస్తే, కంప్రెషన్ సంగతి అలా ఉంచినా, ఆ వృథా అంతా పోతుంది. కాపీ చేయబోయే ముందు చూడాల్సింది ఇక్కడి ‘సైజ్ ఆన్ డిస్క్’ కాదన్నమాట. ఇక్కడి సైజు, ఫైళ్ల సంఖ్య, అక్కడి క్లస్టర్ ఎంత అన్నది, ఈ మూడూ కలిపి చూడాలి.

ఉన్నదానికంటే ఎక్కువ చోటు పట్టడం ఒక వైపు కథ. రెండో వైపున, ఉన్నట్టు కనిపించేదానికంటే ఎంతో తక్కువ పట్టేవీ ఉన్నాయి. రెడ్ హ్యాట్ లినక్స్ సర్వర్లు చూసుకునేవారికి లాస్ట్‌లాగ్ ఫైల్ పరిచయమే. ఎవరు చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో అందులో రాసి ఉంటుంది. ఒక్కో యూజర్ నంబరుకు 292 బైట్ల గడి. 64 బిట్ యంత్రాల మీద ఎన్‌ఎఫ్‌ఎస్ కోసం పెట్టిన అనామక యూజర్‌కు 4,29,49,67,294 అనే నంబరు ఇచ్చేవారు. ఆ నంబరు గడి దాకా ఫైల్ సాగాలంటే దాని పొడవు 1.2 టీబీ దాటాలి. ఎల్‌ఎస్ కమాండ్ కొడితే ఆ పొడవే కనిపించేది. మధ్యలో ఏమీ రాయని భాగానికి ఫైల్ సిస్టమ్ బ్లాకులు ఇవ్వదు కాబట్టి డిస్క్ మీద అది పట్టే చోటు కొన్ని కేబీలే. ఇలాంటివాటిని స్పార్స్ ఫైళ్లంటారు. మ్యాక్ మీద డాకర్ వాడే డిస్క్ ఇమేజ్, వర్చువల్ మెషీన్ల డిస్క్‌లు చాలావరకు ఈ కోవలోవే. సంగతి తెలియని బ్యాకప్ ప్రోగ్రామ్ ఆ ఖాళీలను కూడా సున్నాలుగా చదివి అవతల రాస్తే, ఇక్కడ కేబీల్లో ఉన్నది అక్కడ టీబీ అడుగుతుంది. క్లౌడ్ ఫోల్డర్లది ఇంకో రకం. 2017లో విండోస్ 10లో వన్‌డ్రైవ్‌కు ఫైల్స్ ఆన్ డిమాండ్ వచ్చాక, పేరు మాత్రం ఇక్కడ, సరుకంతా సర్వర్‌లో ఉండే ఫైళ్లు మామూలయ్యాయి. వందల జీబీల ‘సైజ్’ చూపించే ఫోల్డర్‌కు ‘సైజ్ ఆన్ డిస్క్’ నామమాత్రంగా ఉండవచ్చు. పెద్ద అంకె చూసి అలాంటి ఫోల్డర్‌ను డిలీట్ చేసినవారికి రెండు నష్టాలు. ఇక్కడ ఖాళీ పెరగదు, అక్కడ క్లౌడ్‌లోని అసలు ఫైళ్లూ పోతాయి. తప్పు అంకెను నమ్మితే చోటు లెక్కే కాదు, డేటా కూడా దెబ్బ తింటుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కొలమానాల గొడవను త్వరగా దాటేయవచ్చు గానీ దాటకుండా వదలలేం. డిస్క్ తయారీదారులకు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్‌కు జీబీ అంటే 1,024ను మూడుసార్లు హెచ్చవేసినది. అందుకే 1 టీబీ అని కొన్న డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది. ఈ తికమక తీర్చడానికి 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ కిబీ, మెబీ, గిబీ అనే వేరే పేర్లు పెట్టింది. ఆపిల్ 2009లో స్నో లెపర్డ్‌తో పదుల లెక్కకు మారింది. విండోస్ పాత లెక్కలోనే ఉండిపోయింది. ఒకే ఫోల్డర్ విండోస్‌లో 5 జీబీ అనిపించుకుంటే మ్యాక్‌లో 5.37 జీబీ అవుతుంది. యూనిక్స్ వైపు కూడా ఇదే రగడ. 1971 నాటి తొలి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఫోల్డర్ల చోటు లెక్కించే డీయూ, మొత్తం డిస్క్ లెక్క చెప్పే డీఎఫ్ కమాండ్లు రెండూ ఉన్నాయి. బ్లాక్ అంటే 512 బైట్లనే అలవాటు పోసిక్స్ ప్రమాణంలోకీ వచ్చింది. గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు అది నచ్చలేదు. మనుషులు కేబీల్లో ఆలోచిస్తారన్నది ఆయన వాదన. అందుకే గ్నూ డీయూ మామూలుగా 1,024 బైట్ల లెక్కలో చెబుతుంది, ప్రమాణం ప్రకారమే కావాలనుకునేవారు ప్రత్యేకంగా ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకోవాలి. ఈ తేడాలన్నీ గుణకారంతో సరిపోయేవి. అసలు చిక్కు గుణకారానికి లొంగనిచోట ఉంది.

ఆ చిక్కు పేరు పంచుకోవడం. ఫోల్డర్ ఫైళ్లను తన కడుపులో పెట్టుకుంటుందని మనకో భ్రమ. యూనిక్స్ తరహా ఫైల్ సిస్టమ్‌లో ఫోల్డర్ అంటే పేర్ల పట్టిక. ప్రతి పేరు ఎదురుగా ఒక ఐనోడ్ నంబరు ఉంటుంది. సరుకు ఎక్కడుందో చెప్పేది ఆ ఐనోడ్. ఒకే ఐనోడ్‌కు వేర్వేరు ఫోల్డర్లలో వేర్వేరు పేర్లు ఉండవచ్చు. వీటినే హార్డ్ లింకులంటారు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ ఈ వీలుంది. ఒక పేరు తీసేసినా చివరి పేరు పోయేదాకా సరుకు కదలదు. మరి ఆ సరుకు ఏ ఫోల్డర్ ఖాతాలో రాయాలి? అన్నదమ్ములిద్దరూ ఉమ్మడి బావిని ఎవరి ఆస్తి జాబితాలో వాళ్లు పూర్తిగా రాసుకుంటే ఊళ్లో బావులు రెండవుతాయి. ఫోల్డర్లను విడివిడిగా కొలిచినప్పుడు జరిగేది సరిగ్గా అదే. గ్నూ డీయూ దీనికో మధ్యేమార్గం ఎంచుకుంది. ఒకే పిలుపులో రెండు ఫోల్డర్ల పేర్లు ఇస్తే, ఉమ్మడి ఫైల్‌ను మొదట కనిపించినచోట ఒక్కసారే లెక్కేస్తుంది. ఫలితం ఏమిటంటే, రెండు ఫోల్డర్ల పేర్లు ఇచ్చే వరుస తారుమారు చేస్తే వాటి సైజులూ తారుమారవుతాయి. కొలిచే వరుసను బట్టి మారే అంకె ఆ వస్తువు సొంత గుణం ఎలా అవుతుంది? ఫోల్డర్‌కు సైజు అనే స్వతంత్ర లక్షణం లేదనడానికి నాకు తెలిసిన అతి సూటి రుజువు ఇది.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే చిక్కు అనుకోవద్దు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవారి ల్యాప్‌టాప్‌లలో నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లు ఎంత పెరుగుతాయో అందరికీ తెలుసు. ప్యాకేజీ మేనేజర్‌గా పీఎన్‌పీఎం వాడేవారికి ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లు చాలాసార్లు ఒక ఉమ్మడి స్టోర్‌కు వేసిన హార్డ్ లింకులే. పది ప్రాజెక్టుల్లో ఒక్కో దాన్నీ కొలిస్తే ప్రతిదీ పెద్దదిగా కనిపిస్తుంది. ఒకదాన్ని తీసేస్తే తిరిగొచ్చే చోటు అందులో చిన్న భాగమే. గిట్ రిపాజిటరీని అదే డిస్క్ మీద ఇంకోచోటికి క్లోన్ చేసినప్పుడు కూడా ఆబ్జెక్ట్ ఫైళ్లు మామూలుగా హార్డ్ లింకులే అవుతాయి. ఇక విండోస్‌లో అందరి అనుమానమూ ముందుగా పడే ఫోల్డర్ విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్. అనేక జీబీలు చూపిస్తుంది. అందులోని ఫైళ్లలో ఎక్కువ భాగం సిస్టమ్32 లాంటి ఫోల్డర్లలో కనిపించే అవే ఫైళ్లకు ఇంకో పేరు మాత్రమే. దాన్ని చేత్తో ఖాళీ చేయడమంటే చోటు రాకపోగా విండోస్‌నే పాడుచేసుకోవడం. మైక్రోసాఫ్ట్‌కూ ఈ సంగతి తెలుసు. డిజ్మ్ అనే కమాండ్‌తో ఆ ఫోల్డర్‌ను, అంటే విండోస్ కాంపొనెంట్ స్టోర్‌ను, విశ్లేషించమంటే ‘ఎక్స్‌ప్లోరర్ చూపే సైజు’, ‘అసలు సైజు’ అని రెండు వరుసలు వేరువేరుగా అచ్చవుతాయి. ఆ తర్వాత విండోస్‌తో పంచుకున్నది ఎంతో, బ్యాకప్‌లు ఎంతో కూడా వస్తుంది. తన ఎక్స్‌ప్లోరర్ ఈ ఫోల్డర్ దగ్గర సరైన జవాబు ఇవ్వదని తయారీదారే ఇంకో కమాండ్‌లో ఒప్పుకున్నట్టయింది. ఆ ఒప్పుకోలు ప్రాపర్టీస్ కిటికీలోనే ఉండాల్సింది.

హార్డ్ లింకులనైనా డీయూ గుర్తుపట్టగలదు, ఐనోడ్ నంబరు ఒకటే కాబట్టి. క్లోన్లు, స్నాప్‌షాట్ల దగ్గర దాని శక్తి చాలదు. 2017లో ఐఫోన్లకూ ఆ తర్వాత మ్యాక్‌లకూ వచ్చిన ఏపీఎఫ్‌ఎస్‌లో, ఫైండర్‌లో ఒక ఫైల్‌కు నకలు తీస్తే కొత్త బ్లాకులేవీ ఖర్చు కావు. రెండు ఫైళ్లూ అవే బ్లాకులను చూపిస్తాయి. ఇలాంటి నకలే క్లోన్. ఒకదాన్ని మార్చినప్పుడు మారిన ముక్కకే కొత్త చోటు. లినక్స్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ కూడా ఇలా పంచుకోగలవు. ఐనోడ్‌లు వేరు కాబట్టి డీయూ రెండింటినీ పూర్తిగా కూడుతుంది. 20 జీబీ వీడియోకు ఐదు నకళ్లు తీస్తే ఫోల్డర్ 120 జీబీ అంటుంది, డిస్క్ మీద పోయింది 20 జీబీయే. అన్ని ఫోల్డర్ల సైజులూ కూడితే డిస్క్ సామర్థ్యం కంటే ఎక్కువ రావడం ఇక్కడ వింతేమీ కాదు. స్నాప్‌షాట్, అంటే డిస్క్ ఒక క్షణంలో ఉన్న స్థితిని అలాగే పట్టి ఉంచేది, ఉంటే కథ అడ్డం తిరుగుతుంది. మ్యాక్ బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషీన్ ఆ మ్యాక్ మీదే గంటగంటకూ స్నాప్‌షాట్ తీసి సుమారు ఒక రోజు ఉంచుతుంది. పెద్ద ఫోల్డర్‌ను చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా ఖాళీ చేసినా, ఆ స్నాప్‌షాట్ పాత బ్లాకులను పట్టుకునే ఉంటుంది. ఫోల్డర్ సైజు సున్నా అయింది, ఖాళీ మాత్రం పెరగలేదు. వాడేవారికి ఇది కంప్యూటర్ చేసిన మోసంలా అనిపిస్తుంది. నిజానికి అడగాల్సిన ప్రశ్నను అది అడగనివ్వలేదు, అంతే.

ఈ విషయంలో మెచ్చుకోదగ్గ నిజాయితీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాళ్లది. దానికి సొంత డీయూ ఒకటుంది. అది ఒక్క అంకె ఇవ్వదు, మూడు గడులు ఇస్తుంది. మొదటిది మొత్తం. రెండోది ఇంకెవరితోనూ పంచుకోనిది. మూడోది ఈ ఫోల్డర్‌లో పంచుకున్న సరుకు, రెండుసార్లు లెక్కపడకుండా. ఫోల్డర్‌ను తీసేస్తే వచ్చే ఖాళీ రెండో గడికి తగ్గదు, రెండో మూడో కలిపినదాన్ని మించదు. ఒక అంకె స్థానంలో కింది హద్దూ పై హద్దూ వచ్చాయి. చూడ్డానికి ఇది తక్కువ తెలిసినట్టు అనిపిస్తుంది గానీ తెలిసింది ఇక్కడే ఎక్కువ. జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా డేటాసెట్ స్థాయిలో, ఇప్పటి ఫైళ్లు పట్టుకున్నది ఎంత, స్నాప్‌షాట్లు పట్టుకున్నది ఎంత అని విడగొట్టి చూపుతుంది. ప్రశ్నలు వేర్వేరైనప్పుడు జవాబులూ వేర్వేరుగా ఉండాలని ఈ రెండూ ఒప్పుకున్నాయి.

ఇక్కడ ఒక సహేతుకమైన అభ్యంతరం వస్తుంది. ప్రతిసారీ ఫైళ్లన్నీ తిరిగి లెక్కపెట్టే బదులు, ఆపరేటింగ్ సిస్టమే ప్రతి ఫోల్డర్ సైజునూ రాసి ఉంచుకోవచ్చు కదా? సైజును సహజ లక్షణంగా భావించేవారందరూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్నే ఇది. ఖర్చు మొదటి జవాబు. లోతుగా ఉన్న ఒక ఫైల్‌లో బైటు మారితే పైన రూట్ దాకా ఉన్న ఫోల్డర్లన్నింటిలో లెక్క సరిచేయాలి. రోజుకు లక్షల రాతలు జరిగే యంత్రంలో ఆ పై ఫోల్డర్లు అందరూ తోసుకునే ఇరుకు గుమ్మాలవుతాయి. అయినా చేసినవారున్నారు. సెఫ్ ఎఫ్‌ఎస్ అనే డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్ ప్రతి ఫోల్డర్ కింద మొత్తం ఎన్ని బైట్లున్నాయో రాసి ఉంచుతుంది, తిరగకుండానే చెప్పేస్తుంది. అయితే కింద జరిగిన మార్పు పైదాకా పాకడానికి కొంత సమయం తీసుకుంటుంది. రెండో ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ప్రాజెక్ట్ కోటా పెట్టి ఒక ఫోల్డర్ చెట్టు మొత్తానికి పద్దు నడపవచ్చు. కానీ ఆ పద్దు నిలవాలంటే ఒక షరతు ఉంది. ఒక ప్రాజెక్టులోని ఫైల్‌కు ఇంకో ప్రాజెక్టు ఫోల్డర్‌లో హార్డ్ లింక్ వేయబోతే, అవి రెండూ వేర్వేరు డిస్క్‌ల మీద ఉన్నట్టుగానే, కుదరదని ఎర్రర్ ఇస్తుంది. ఫోల్డర్‌కు నిక్కచ్చిగా ఒకే సైజు కావాలనుకుంటే రెండు ఫోల్డర్లకు ఉమ్మడి ఫైల్ ఉండే స్వేచ్ఛను వదులుకోవాలన్నమాట. రెండూ కావాలంటే కుదరదు.

బొమ్మలతో చూపే పరికరాల చరిత్ర ఈ చర్చలో ఒక ముచ్చటైన అధ్యాయం. 1990లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ ప్రయోగశాలలో 14 మంది కలిసి వాడుకునే 80 ఎంబీ హార్డ్ డిస్క్ నిండిపోయింది. చోటంతా ఎక్కడ పోతోందో ఒక్క చూపులో తెలిసే మార్గం కోసం ఆయన వెతికారు. అలా పుట్టిందే ట్రీమ్యాప్. తెర మీద దీర్ఘచతురస్రాన్ని ఫోల్డర్ల వారీగా ముక్కలు చేస్తూ పోతారు, ముక్క వైశాల్యమే దాని సైజు. స్టాక్ మార్కెట్ల నుంచి ఎన్నికల ఫలితాల దాకా ఇప్పుడు అన్నిచోట్లా కనిపించే ఆ బొమ్మకు మూలం ఒక నిండిన డిస్క్. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో తయారైన సెక్వోయావ్యూ దానికి గడులు ఉబ్బెత్తుగా కనిపించేలా నీడలద్దింది. కేడిర్‌స్టాట్, 2003లో వచ్చిన విన్‌డిర్‌స్టాట్ ఆ దారినే నడిచాయి. ఫైళ్లను ఒక్కొక్కటిగా అడగకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్ మాస్టర్ ఫైల్ టేబుల్‌నే నేరుగా చదివేసే విజ్‌ట్రీ, అదే పనిని ఎంతో తక్కువ సమయంలో ముగిస్తుంది. టెర్మినల్‌లో పనిచేసేవారికి ఎన్‌సీడీయూ ఉంది. వీటన్నింటి మేలు నిస్సందేహం. మరిచిపోయిన పాత వీడియో, పెరిగిపోయిన లాగ్ ఫైల్ కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కానీ ట్రీమ్యాప్‌లో ఒక నమ్మకం దాగి ఉంది. ప్రతి బైటుకూ ఒకే ఇల్లు ఉందని, పిల్లల వైశాల్యాలు కూడితే తల్లి వైశాల్యం వస్తుందని. 1990లో ఒక చిన్న డిస్క్ మీద అది దాదాపు నిజం. క్లోన్లూ స్నాప్‌షాట్లూ ఉన్న డిస్క్‌ను అదే బొమ్మలో గీయడమంటే పంచుకున్న సరుకును ఎవరో ఒకరికి రాసిచ్చేయడమే. ఆ పంపకం ఎలా చేశారో ఆ గడుల్లో కనిపించదు. వెతకడానికి అది బాగుంటుంది, లెక్కకు నమ్మకూడదు.

ఫోల్డర్లెన్ని తిరిగినా కనిపించని చోటు కూడా ఉంది, అది ఇంకో ప్రకరణం. సర్వర్ మీద డీఎఫ్ డిస్క్ నిండిందంటుంది, డీయూ సగమే లెక్క చెబుతుంది. చాలాసార్లు కారణం, ఎవరో లాగ్ ఫైల్‌ను తీసేశారు గానీ దాన్ని తెరిచిన ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోంది. పేరు పోయింది, సరుకు పోలేదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో అలాంటి అనాథ ఫైళ్లను పట్టుకుని ఆ ప్రోగ్రామ్‌ను తిరిగి మొదలుపెడితే చోటు వచ్చేస్తుంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం దాచి ఉంచుతుంది. 1 టీబీ మీద అది 50 జీబీ, ఏ ఫోల్డర్‌లోనూ కనిపించదు. చదివే అనుమతి లేని ఫోల్డర్లను లెక్కించే ప్రోగ్రామ్ వదిలేస్తే అవీ మొత్తంలో చేరవు. ఒక ఫోల్డర్ మీద ఇంకో డిస్క్‌ను మౌంట్ చేస్తే దాని అడుగున ఉన్న పాత ఫైళ్లు కనుమరుగవుతాయి గానీ చోటు వదలవు.

‘ఇదంతా నిపుణుల గోల, ఇంట్లో ఫోటోలూ సినిమాలూ దాచుకునేవాడికి ఒక్క అంకె చాలదా?’ అని అడగవచ్చు. అందులో న్యాయముంది. వెయ్యి వీడియోల ఫోల్డర్‌లో, 4 కేబీ క్లస్టర్ల మీద, ఫైల్‌కు సగటున 2 కేబీ వృథా అనుకుంటే మొత్తం 2 ఎంబీ. వందల జీబీల ముందు అది లెక్కలోకే రాదు. అలాంటి ఫోల్డర్లకు ఏ అంకె చూసినా ఒకటే. కాకపోతే డిస్క్ నిండినప్పుడు మనం వెళ్లి వెతికే చోట్లు అవి మాత్రమే కావు. సిస్టమ్ ఫోల్డర్లు, క్లౌడ్‌తో ముడిపడిన ఫోల్డర్లు, బ్యాకప్‌లు, వర్చువల్ డిస్క్‌లు, ప్రాజెక్టుల నకళ్లు అనుమానితుల వరుసలో ముందుంటాయి. అంకెలు విడిపోయేది సరిగ్గా అక్కడే. అవసరం లేనిచోట సరిగ్గా ఉండి, అవసరమైనచోట తప్పే కొలతను సామాన్యుడికి చాలుతుందనడం సామాన్యుడికి న్యాయం చేయడం కాదు. డిస్క్‌లు చవకయ్యాయి కదా అన్న మాట కూడా పూర్తిగా నిలవదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి స్టోరేజ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకునే వీల్లేదు. ఫోన్లదీ అదే స్థితి. క్లౌడ్‌లో జీబీకి ఇంతని నెలనెలా బిల్లు కట్టాలి.

కాబట్టి కొలిచే ముందు, ఆ కొలతతో ఏం చేయబోతున్నామో తేల్చుకోవాలి. పంపడానికైతే బైట్ల పొడవు చూడాలి, డీయూలో అపారెంట్ సైజ్ స్విచ్ ఉన్నది అందుకే. ఇంకో డిస్క్‌కు మార్చడానికైతే దానితోపాటు అక్కడి క్లస్టర్, ఇక్కడి హార్డ్ లింకులు, స్పార్స్ ఫైళ్ల సంగతి. ఖాళీ చేయడానికైతే మొదట మొత్తం డిస్క్ లెక్క, తర్వాత ఒకే డిస్క్ హద్దు దాటకుండా ఫోల్డర్ల లెక్క, ఆ రెండింటి మధ్య తేడా ఉంటే స్నాప్‌షాట్లు, తెరిచి ఉన్న ఫైళ్లు. ఇదంతా వాడేవారి నెత్తిన పెట్టడం అన్యాయమని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకుంటాను. తీసేస్తే ఎంత వస్తుందో లెక్కగట్టడం ఖరీదైన పని అని ఫైల్ సిస్టమ్ ఇంజినీర్లు చెప్పే సమాధానంలోనూ నిజముంది. ప్రతి ముక్కనూ ఇంకెవరు వాడుతున్నారో వెతకాలి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సొంత డీయూ నెమ్మదిగా నడిచేది అందుకే. కానీ ఖరీదు అన్నిచోట్లా అడ్డంకి కాదు. మ్యాక్‌లో ప్రోగ్రామర్లు అడగగల ఫైల్ లక్షణాల్లో ‘ప్రైవేట్ సైజ్’ అని ఒకటి ఇప్పటికే ఉంది. క్లోన్‌లోనో స్నాప్‌షాట్‌లోనో చిక్కుకోకుండా, ఫైల్‌ను తీసేసిన వెంటనే ఖాళీ అయ్యే బైట్లు ఎన్నో అది చెబుతుంది. ఫైండర్‌లో ‘గెట్ ఇన్ఫో’ తెరిస్తే సైజు కనిపిస్తుంది, డిస్క్ మీద పట్టిన చోటు కనిపిస్తుంది, ఇది మాత్రం కనిపించదు.